ప్యానిక్ అటాక్ అనుకుంటున్నది ఫిట్స్ ఏమో? అనుమానం తీర్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

"మూడేళ్లుగా యాంగ్జైటీ మాత్రలు వాడుతున్నాం, తగ్గట్లేదు. అసలిది మానసిక సమస్యేనా, మెదడులో ఇంకేదైనా ఉందా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మా చెల్లెలి సంగతి తెలిసిన బంధువులతో మొదలై, వాళ్ల స్నేహితుల దాకా వెళ్ళింది. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే వరసగా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను, చెల్లెలి ఫైలు మోసిన అన్నయ్యని. ఈ తిరుగుడులో నాకు ఆలస్యంగా అర్థమైన విషయం ఒకటుంది. డాక్టర్ మనల్ని చూసేది ఒక అటాక్‌కీ ఇంకో అటాక్‌కీ మధ్య. అప్పుడు మనిషి మామూలుగానే ఉంటుంది, బీపీ బాగుంటుంది, స్కాన్ కూడా చాలాసార్లు బాగానే ఉంటుంది. జబ్బు పేరు తేలాల్సింది ఆ ఒకటి రెండు నిమిషాల్లో జరిగినదాన్ని బట్టి. ఆ రెండు నిమిషాలను డాక్టర్ టేబుల్ మీదికి తీసుకెళ్ళడమే మన పని. కింద ఉన్న అంచెలన్నీ అందుకే.

ముందే రెండు మాటలు. ప్యానిక్ అటాక్ అనుకున్నవాటిలో ఎక్కువ భాగం నిజంగా ప్యానిక్ అటాక్‌లే. రెండోది, ఇది చదివి ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఆపొద్దు. క్లోనాజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే, అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ రానివాళ్లకు కూడా రావచ్చు.

## 1. డైరీలు, వీడియోలు పక్కన పెట్టి వెంటనే వెళ్ళాల్సిన సందర్భాలు

కింది వాటిలో ఏది ఉన్నా మిగతా వ్యాసం తర్వాత చదవండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

- కాళ్లూ చేతులూ కొట్టుకోవడం 5 నిమిషాలు దాటింది
- ఒకటి తగ్గి తెలివి రాకముందే రెండోది వచ్చింది
- జీవితంలో ఇదే మొదటిసారి, లేదా గర్భిణికి వచ్చింది, లేదా తలకు దెబ్బ తగిలింది, లేదా నీళ్లలో వచ్చింది
- రోజూ తాగే మనిషి మానేసిన ఒకటి రెండు రోజుల్లో వణుకు, లేనివి కనబడటం, ఫిట్స్
- నిన్నమొన్నటిదాకా బాగున్న మనిషి రోజుల్లో, వారాల్లో పూర్తిగా మారిపోవడం: నిద్ర లేదు, పొంతన లేని మాటలు, జ్ఞాపకం పోవడం, జ్వరం, నోరు చేతులు వింతగా కదలడం, మధ్యలో ఫిట్స్

చివరిది మన దగ్గర తరచూ 'గాలి సోకింది' అన్న ఖాతాలోకి పోతుంది. మెదడు వాపు వల్ల ఇలా జరగవచ్చు. వైరస్‌తో వచ్చే వాపు ఒకటి. శరీరం తన మెదడు మీద తానే దాడి చేసే రకం ఇంకొకటి. ఆ రెండో రకంలో ముఖ్యమైనది యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్. దీన్ని 2007లో గుర్తించి పేరు పెట్టారు. యువతుల్లో ఎక్కువ, కొందరిలో అండాశయంలో గడ్డ దీనికి మూలం. మొదట అచ్చం పిచ్చి లాగే కనిపిస్తుంది. త్వరగా పట్టుకుంటే చికిత్సకు లొంగుతుంది కాబట్టి, అమావాస్య దాకా ఆగి చూద్దాం అనేవాళ్ల మాట వినకండి.

చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉంటే అదీ ఎమర్జెన్సీయే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

## 2. అనుమానించాలా వద్దా అన్నది తేల్చుకోండి

మా చెల్లికి ఇలా వచ్చేది. వంటింట్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. "అన్నయ్యా, భయమేస్తోంది" అనేది. ఆ తర్వాత ఓ నిమిషం పిలిచినా పలికేది కాదు. చూపు గోడ మీద నిలిచిపోయేది, గుటకలు వేసేది, కుడి చేత్తో చున్నీ అంచు నలుపుతూ ఉండేది. తేరుకున్నాక భయమేసిన సంగతి గుర్తుండేది, తర్వాతి నిమిషం గుర్తుండేది కాదు. మేం డాక్టర్‌కి చెప్పింది ఒక్క ముక్క: "ఉన్నట్టుండి భయపడుతుంది సార్." చున్నీ సంగతి ఎవరమూ చెప్పలేదు. ఆయన అడగలేదు, అది చెప్పాల్సిన విషయమని మాకూ తట్టలేదు. అలా మూడేళ్లు గడిచిపోయాయి.

ఫిట్స్ అంటే కింద పడి కొట్టుకోవడం, నోట్లో నురగ అనే మనకు తెలుసు. మెదడులో ఒకచోట మొదలై అక్కడే ఆగిపోయే ఫిట్స్ కూడా ఉంటాయి, వీటిని ఫోకల్ సీజర్స్ అంటారు. కణతల వెనక ఉండే టెంపొరల్ లోబ్‌లో భయం, జ్ఞాపకం, వాసన ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ కరెంటు గతి తప్పితే భయం పుడుతుంది, లేని వాసన వస్తుంది. పెద్ద ఫిట్స్ ముందు వచ్చే 'ఆరా' అనేది కూడా నిజానికి ఇలాంటి చిన్న ఫిట్సే.

అనుమానం పెంచే లక్షణాలు:

- ప్రతిసారీ ఒకే వరసలో, ముద్ర గుద్దినట్టు వస్తుంది
- అర నిమిషం నుంచి రెండు నిమిషాల్లో అయిపోతుంది
- కడుపులోంచి ఏదో గొంతు దాకా తన్నుకొచ్చినట్టు ఉంటుంది
- కాలిన వాసన, ఇనుము రుచి, ఎవరికీ వినపడని శబ్దం క్షణకాలం
- 'ఇదంతా ఇంతకుముందే జరిగిందే' అన్న బలమైన భావన, లేదా తెలిసిన ఇల్లే కొత్తగా అనిపించడం
- చూపు నిలిచిపోవడం, పెదాలు చప్పరించడం, చేత్తో ఏదో ఒకటి నలపడం
- తర్వాత కాసేపు తికమక, మాట తడబడటం, తలనొప్పి, గాఢనిద్ర
- పొద్దున లేచేసరికి నాలుక పక్కన గాటు, ఒళ్ళంతా నొప్పులు, పక్క తడవడం

ప్యానిక్ అటాక్ సాధారణంగా కొన్ని నిమిషాల్లో పెరిగి, పది నిమిషాల లోపు శిఖరానికి చేరి, అరగంట దాకా సాగుతుంది. 'చచ్చిపోతానేమో, గుండె ఆగిపోతుందేమో' అన్న ఆలోచనలు మనసులో నడుస్తూ ఉంటాయి. ఎవరు ఏం మాట్లాడారో తర్వాత చెప్పగలుగుతారు. గుండె దడ, చెమటలు, ఊపిరి ఆడకపోవడం రెండింటిలోనూ ఉంటాయి కాబట్టి వాటితో తేడా తేలదు. ప్యానిక్ కూడా కారణం లేకుండా రావచ్చు, నిద్రలోంచి కూడా లేపవచ్చు. ఒక్క లక్షణం పట్టుకుని తీర్పు చెప్పకండి, మొత్తం వరసను చూడండి.

ప్యానిక్ లాగా కనిపించనివి కూడా కొన్ని ఉన్నాయి. టీనేజ్ పిల్లలకు పొద్దున్నే చేతులు ఉలిక్కిపడి కాఫీ కప్పు ఒలకడం, బ్రష్ ఎగిరిపడటం ఒక రకం ఫిట్స్‌కి గుర్తు. ఇంట్లో దీన్ని 'నిర్లక్ష్యం' అని తిడుతుంటారు. క్లాసులో పది సెకన్లు ఆగిపోయి మళ్ళీ రాయడం మొదలుపెట్టే పిల్లలకు 'పరధ్యానం' అని పేరు పడుతుంది. రాత్రి నిద్రలో ఉన్నట్టుండి అరచి, కాళ్లు తన్ని, అర నిమిషంలో మళ్ళీ పడుకునేవాళ్లకు పీడకలలని చెప్పి దిష్టి తీస్తారు.

ఇంకొకటి మరీ మోసం చేస్తుంది. వరసగా కొన్ని ఫిట్స్ వచ్చి తగ్గిపోతాయి. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి వారం దాకా మనిషి బాగానే ఉంటాడు. ఆ తర్వాత నిద్ర పట్టదు, అందరి మీదా అనుమానం, దేవుడు మాట్లాడుతున్నాడంటాడు, కోపంతో ఊగిపోతాడు. మధ్యలో బాగున్న రోజుల వల్ల ఫిట్స్‌కీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. తేదీలు రాసిపెట్టుకుంటేనే ఇది దొరుకుతుంది.

అనుమానం తగ్గించేవి కూడా రాయాలి కదా. రోజంతా వదలని దిగులు, వారాల తరబడి మాట్లాడే గొంతులు, నెలల తరబడి పెరుగుతూ వచ్చిన భయం, ఫలానా చోటికి వెళ్తేనే వచ్చే ఆందోళన ఇలాంటివాటికి ఫిట్స్ కారణం కావడం అరుదు. మీ పరిస్థితి ఇదైతే ఈఈజీల (మెదడు కరెంటును గీతలుగా తీసే పరీక్ష) వెంట పడకుండా సైకియాట్రిస్ట్ చికిత్సనే గట్టిగా పట్టుకోండి.

## 3. డైరీ రాయండి

వందపేజీల నోట్‌బుక్ చాలు. అటాక్‌లు వారానికోసారి వస్తుంటే నాలుగు వారాలు, నెలకోసారి అయితే మూడు నెలలు రాయండి. కాకపోతే డైరీ పూర్తయ్యాకే డాక్టర్ దగ్గరికి వెళ్దాం అని ఆగకండి, అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి.

ప్రతి అటాక్‌కీ ఇవి:

- తేదీ, టైము, ఎంతసేపు (గడియారం చూసి)
- అంతకుముందు ఏం చేస్తున్నారు, ముందురోజు ఎన్ని గంటలు నిద్ర
- మొదట ఏమనిపించింది, తర్వాత ఏమైంది: వరస ముఖ్యం
- పిలిస్తే పలికారా
- మామూలు కావడానికి ఎంతసేపు పట్టింది
- ఆడవాళ్లయితే నెలసరిలో ఎన్నో రోజు (కొందరికి ఆ రోజుల చుట్టూనే వస్తాయి)
- మాత్ర మర్చిపోయారా, మద్యం తాగారా, జ్వరం ఉందా

మా డైరీలో ఒక పేజీ ఇలా ఉంది: "మంగళవారం రాత్రి 8:40. చపాతీలు ఒత్తుతోంది. వైరు కాలిన వాసన వస్తోందంది. ఏ వాసనా లేదు. 10 సెకన్ల తర్వాత పలకలేదు. గుటకలు, కుడి చేయి చున్నీ. మొత్తం 1 నిమిషం 15 సెకన్లు. తర్వాత 10 నిమిషాలు చపాతీ కర్రను ఏమంటారో చెప్పలేకపోయింది. ముందురోజు నిద్ర 4 గంటలు."

ఎక్కువమంది చేసే తప్పు: చూసింది రాయకుండా, అనుకున్నది రాయడం. "అత్తగారితో గొడవైంది, టెన్షన్ పడింది, వచ్చింది" అని రాస్తే డాక్టర్ చేతికి వచ్చేది మీ అభిప్రాయం. గొడవ ఎన్నింటికి, అటాక్ ఎన్నింటికి అని రాయండి, సంబంధం ఆయన చూసుకుంటారు. నిద్ర చాలకపోయినా, టెన్షన్ పెరిగినా ఫిట్స్ కూడా ఎక్కువవుతాయి. టెన్షన్‌లో వచ్చింది కాబట్టి మానసికమే అనుకోవడానికి లేదు.

రెండో తప్పు: బాగున్న రోజులు రాయకపోవడం. 'బాగుంది' అని ఒక్క ముక్క రాసినా చాలు. లేకపోతే ఆ రోజు అటాక్ రాలేదా, మీరు రాయలేదా అన్నది నెల తర్వాత మీకే తెలియదు.

## 4. వీడియో తీయండి

పేజీల కొద్దీ వర్ణన కన్నా ఒక్క నిమిషం వీడియో ఎక్కువ పని చేస్తుంది. ముందే ఆ మనిషిని అడిగి, ఒప్పుకున్నాక తీయండి.

1. ముందు మనిషిని భద్రంగా పడుకోబెట్టండి లేదా కూర్చోబెట్టండి. పక్కన ఇంకొకరు ఉంటేనే ఫోన్ పట్టుకోండి.
2. ముఖంతో మొదలుపెట్టి ఒళ్ళంతా కనిపించేలా వెనక్కి జరగండి. దుప్పటి తీసేయండి, లైటు వేయండి.
3. కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నది కనబడాలి.
4. పేరు పెట్టి పిలవండి. "చెయ్యెత్తు" అనండి. "మామిడిపండు, గుర్తుపెట్టుకో" అని ఒక మాట చెప్పండి.
5. అటాక్ ఆగగానే వీడియో ఆపకండి. ఇంకో రెండు మూడు నిమిషాలు తీయండి. ఫోనో, గ్లాసో చూపించి "ఇదేంటి" అని అడగండి. ఇందాక చెప్పిన మాట ఏంటని అడగండి.

ఏడుస్తూ చుట్టూ మూగడం, భుజాలు పట్టి ఊపడం, ముఖం మీద నీళ్లు కొట్టడం వీటివల్ల వీడియోలో మీ హడావుడి తప్ప ఏమీ మిగలదు. ఆ వీడియోను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మా ఇంట్లో ఒకరు పెట్టారు. చెల్లి నాతో పది రోజులు మాట్లాడలేదు, పెట్టింది నేను కాకపోయినా.

ఒంటరిగా ఉండేవాళ్లు, అమెరికాలోనో హైదరాబాద్ హాస్టల్లోనో ఉన్నవాళ్లు, గదిలో చవక వైఫై కెమెరా పెట్టుకోవచ్చు. రూమ్మేట్‌కి ఏం చూడాలో ముందే చెప్పి ఉంచండి.

## 5. పాత సంగతులు, మాత్రల లిస్టు

ఇవి అమ్మనో, పెద్దమ్మనో అడిగితేనే తెలుస్తాయి. కాన్పు కష్టమైందా? చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా, వస్తే ఎంతసేపు? తలకు పెద్ద దెబ్బ, మెదడువాపు, మెనింజైటిస్? రక్త సంబంధీకుల్లో ఫిట్స్? 'ఎవరికీ లేవు' అన్న మొదటి జవాబును నమ్మకండి. పెళ్లిళ్ల కోసం దాచినవి చాలా ఉంటాయి. విడిగా, మెల్లగా అడగండి.

మాత్రల లిస్టులో అన్నీ ఉండాలి: సైకియాట్రీ మాత్రలు, నొప్పి మాత్రలు, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవి, పసరు మందులు. డోసు, మొదలుపెట్టిన తేదీ రాయండి. ట్రమడాల్, బుప్రొపియాన్, క్లోజపిన్, క్లోమిప్రమిన్ లాంటివి కొందరిలో ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. కొత్త మాత్ర మొదలైన తేదీ, మొదటి అటాక్ తేదీ పక్కపక్కన పెడితే ఒక్కోసారి అక్కడే జవాబు ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. "క్లోనాజెపామ్ వేస్తే తగ్గింది, అంటే యాంగ్జైటీయే కదా?" కాదు. ఆ మాత్ర ఫిట్స్‌నీ తగ్గిస్తుంది. బైపోలార్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్, కార్బమజెపిన్, లామోట్రిజిన్ కూడా ఫిట్స్ మందులే. వాటితో తగ్గిందంటే జబ్బు ఏదో తేలినట్టు కాదు.

## 6. ఎవరి దగ్గరికి, ఏమని చెప్పాలి

ఇప్పటికే చూస్తున్న సైకియాట్రిస్ట్‌తోనే మొదలుపెట్టండి. మందుల చరిత్ర ఆయన దగ్గరే ఉంది. "నెట్‌లో చదివాను, ఇది ఎపిలెప్సీ" అంటే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. మేం రెండోసారి ఇలా అన్నాం, పని చేసింది:

"సార్, ఈ అటాక్‌లు ప్రతిసారీ ఒకేలా వస్తున్నాయి, నిమిషంలో అయిపోతున్నాయి, మధ్యలో పలకట్లేదు. వీడియో ఉంది, ఒక్క నిమిషం చూస్తారా? న్యూరాలజిస్ట్‌కి కూడా చూపించమంటారా?"

రిఫరల్ చీటీ రాయించుకోండి. ఇప్పటిదాకా ఏ మాత్రలు ఎందుకు ఇచ్చారో అందులో ఉంటే న్యూరాలజిస్ట్‌కి సగం పని తగ్గుతుంది.

హైదరాబాద్‌లో నిమ్స్‌లో, పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి. కేసు చిక్కుముడిగా ఉంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో సైకియాట్రీ, న్యూరాలజీ ఒకే ఆవరణలో దొరుకుతాయి. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి ఊళ్లు తిరగక్కర్లేదు. మూర్ఛ కోసమే ప్రత్యేక కేంద్రం ఉన్న ఆసుపత్రుల్లో తిరువనంతపురం శ్రీచిత్ర పేరున్నది. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే ఏ పరీక్ష అందులోకి వస్తుందో ఓపీ చీటీ తీసుకునేటప్పుడే అడగండి.

ఓపీలో మీకు దొరికేది ఐదారు నిమిషాలు. అందుకే ఒకే ఒక్క కాగితం తయారు చేయండి. పైన మూడు వాక్యాల్లో అటాక్ వర్ణన, కింద మాత్రల లిస్టు, దాని కింద పాత సంగతులు. డైరీ, వీడియో అడిగితే తీయండి. అటాక్ చూసిన మనిషి తప్పకుండా వెంట రావాలి. పేషెంట్‌కి ఆ నిమిషం గుర్తుండదు, పక్కనున్నవాళ్లకే తెలుసు.

అడగాల్సినవి:

- ఇది ఫిట్స్ కావడానికి ఎంత అవకాశం ఉంది, ఇంకేమి కావచ్చు?
- ఈసీజీ, షుగర్, సోడియం, కాల్షియం, థైరాయిడ్ చూశారా? (గుండె లయ తప్పినా, షుగర్ పడిపోయినా ఇలాంటి అటాక్‌లే వస్తాయి)
- ఈఈజీ నార్మల్ వస్తే తర్వాత ఏం చేస్తారు?
- ఇప్పుడు వాడుతున్న సైకియాట్రీ మాత్రల్లో మార్చాల్సినవి ఉన్నాయా? ఉంటే మీరూ సైకియాట్రిస్టూ మాట్లాడుకుంటారా?

## 7. ఈఈజీ: తయారీ, రిపోర్టు

తలపై ఇరవై దాకా చిన్న బిళ్లలు పేస్టుతో అంటించి, మెదడు కరెంటును గీతలుగా తీస్తారు. షాక్ ఇవ్వరు, నొప్పి ఉండదు. మా అమ్మ 'కరెంటు పెడతారట' అని విని రాత్రంతా ఏడ్చింది, అందుకే రాస్తున్నాను.

- ముందురోజు తలస్నానం చేయించండి. నూనె, జెల్, కండిషనర్ వద్దు. నూనె ఉంటే బిళ్లలు అంటుకోవు.
- నిద్ర తగ్గించి రమ్మంటే ఎన్ని గంటలు పడుకోవచ్చో స్పష్టంగా అడగండి. నిద్ర చాలనప్పుడూ, నిద్రలోకి జారుకునేటప్పుడూ తేడాలు బయటపడే అవకాశం ఎక్కువ.
- ఆ రోజు బండి నడుపుతూ వెళ్ళొద్దు.
- మాత్రలు మామూలుగానే వేసుకోండి, డాక్టర్ వద్దంటే తప్ప.
- భోజనం మానకండి.

పరీక్షలో మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు, కళ్ల ముందు లైటు మిణుకు మిణుకుమనిపిస్తారు. ఆ సమయంలో అటాక్ వచ్చేలా అనిపిస్తే వెంటనే టెక్నీషియన్‌కి చెప్పండి.

రిపోర్టులో 'నార్మల్' అని ఉంటే మీరు చెప్పిందంతా కొట్టుకుపోయినట్టు కాదు. ఎపిలెప్సీ ఉన్నవాళ్లలో కూడా మొదటి ఈఈజీలో తేడా కనబడేది సుమారు సగం మందికే. మళ్ళీ తీస్తే, నిద్రతో కలిపి తీస్తే 80 శాతం దాకా దొరుకుతుంది. మెదడు లోతుల్లో పుట్టి అక్కడే ఆగే చిన్న అటాక్, జరుగుతున్న క్షణంలో కూడా తలపై బిళ్లలకు అందకపోవచ్చు.

తిరగేసి చూసినా అంతే. 'అబ్‌నార్మల్' అన్న మాట చూసి భయపడకండి. క్లోజపిన్, లిథియం లాంటి మందులు ఈఈజీ గీతలను మారుస్తాయి, అదేమీ మూర్ఛ కాదు. రిపోర్టులో ఏ తేడా ఉందో, అది ఫిట్స్ తరహాదా కాదా అని అడగండి. అటాక్ కథకీ, ఈఈజీకీ పొంతన ఉంటేనే దానికి విలువ.

## 8. ఎమ్మారై, వీడియో ఈఈజీ

సీటీ ఎమర్జెన్సీలో పనికొస్తుంది, రక్తస్రావం, గట్టిపడిన మచ్చలు పట్టిస్తుంది. ఇలాంటి అనుమానానికి ఎమ్మారై కావాలి, వీలైతే శక్తి ఎక్కువున్న 3 టెస్లా మెషీన్‌లో. చీటీ మీద 'ఎపిలెప్సీ ప్రోటోకాల్' అని రాయించుకోండి. టెంపొరల్ లోబ్ లోపలి హిప్పోక్యాంపస్‌ని సన్నని కోతలుగా తీస్తారు. మామూలు ఎమ్మారైలో అక్కడి చిన్న మచ్చ తప్పిపోవచ్చు. మన దేశంలో ఇంకో కారణం బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరి మెదడులో పొక్కులుగా ఏర్పడటం. శాకాహారులకూ వస్తుంది, ఎందుకంటే గుడ్లు చేరేది మురికి చేతులు, కడగని ఆకుకూరల ద్వారా.

ఇన్ని చేసినా తేలకపోతే వీడియో ఈఈజీ. ఆసుపత్రిలో రోజుల తరబడి కెమెరా, ఈఈజీ రెండూ ఆన్‌లో పెట్టి అటాక్ కోసం కాస్తారు. అవసరమైతే మాత్రలు తగ్గిస్తారు. అది ఆసుపత్రిలో మాత్రమే చేయాల్సిన పని. అడ్మిషన్‌కి ముందు రోజుకు ఎంత ఖర్చో, అటాక్ రాకపోతే ఏం చేస్తారో అడిగి తెలుసుకోండి. నెలకోసారి వచ్చే అటాక్‌కి రెండు రోజుల వీడియో ఈఈజీ పెట్టించుకుంటే డబ్బు దండగ అయ్యే అవకాశమే ఎక్కువ.

చెల్లికి మాత్రం అంతదూరం వెళ్ళలేదు. న్యూరాలజిస్ట్ మేడమ్ వీడియోని రెండుసార్లు చూశారు. రెండోసారి వీడియోలో చెల్లి ముఖం కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి, చున్నీ నలుపుతున్న చేతినే చూశారు. "ఇది ఎప్పుడూ కుడి చెయ్యేనా?" అని అడిగారు. డైరీ తీసి చూపించాను.

## 9. ఏది తేలితే ఏం చేయాలి

ఫిట్స్ అని తేలితే. మాత్రలు మొదలవుతాయి. లెవెటిరాసెటామ్ కొందరిలో చిరాకు, కోపం, దిగులు పెంచుతుంది. ఇదివరకే డిప్రెషన్ ఉన్న మనిషైతే ఆ సంగతి మాత్ర రాసేముందే డాక్టర్‌కి గుర్తు చేయండి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ రాస్తే, కడుపులో బిడ్డకు ఉండే ప్రమాదం గురించి తప్పక అడగండి. కానీ సొంతంగా ఆపకండి.

ఫిట్స్ లాగే ఉన్నా, అటాక్ జరుగుతుండగా తీసిన వీడియో ఈఈజీలో కరెంటు తేడా లేదని, ఇవి ఫిట్స్ కావని డాక్టర్ తేలిస్తే. వీటిని ఫంక్షనల్ లేదా డిసోసియేటివ్ సీజర్స్ అంటారు. కళ్లు గట్టిగా మూసి ఉండటం, చాలాసేపు తగ్గుతూ పెరుగుతూ సాగడం, తల అటూ ఇటూ ఊపడం వీటిలో ఎక్కువ. ఇది నటన కాదు, మనిషి చేతిలో ఉండదు. దీనికి ఫిట్స్ మాత్రలు పని చేయవు, మాటలతో చేసే చికిత్స పని చేస్తుంది. "ఏమీ లేదట, నాటకమట" అని చుట్టాలకు చెప్పారంటే జబ్బు ముదురుతుంది.

రెండూ ఉంటే. ఇదీ మామూలే. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక సమస్య కూడా వస్తుంది. న్యూరాలజిస్ట్ దొరికాడని సైకియాట్రిస్ట్‌ని వదిలేయకండి.

రెండూ కాకపోతే. ప్యానిక్‌కి సరైన చికిత్స ఉంది. అటాక్‌ల తీరు మారితే మళ్ళీ రండి అనే చెప్తారు. ఫైలు పారేయకండి.

పెళ్లి సంబంధాల దగ్గర దాచమని చెప్పేవాళ్లు ఉంటారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పెళ్లికి అడ్డు అన్న నిబంధనను 1999లోనే తీసేశారు. చట్టం దారి ఇచ్చాక దాచడం ఎందుకు? మాత్రలు దొంగచాటుగా వేసుకోవాల్సి వచ్చిన ఇంట్లో మాత్రలు మానడమే జరుగుతుంది.

## 10. తేలేలోపు ఇంట్లో

- బాత్రూమ్ గడియ వేసుకోవద్దు, బయట 'ఉన్నాను' అన్న గుర్తు పెట్టుకోవచ్చు
- బావి, చెరువు, కాలవ, మేడ పిట్టగోడ, నిచ్చెన: ఒంటరిగా వద్దు
- బండి తోలొద్దు. లైసెన్స్ దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం గురించి నేరుగా అడుగుతారు
- వంట వెనక పొయ్యి మీద, గిన్నె కాడ లోపలివైపు తిప్పి
- రాత్రి మేలుకోవడాలు, మందు పార్టీలు బంద్

అటాక్ వచ్చి పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైము చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా కుక్కడం వద్దు. తాళాలు పెట్టాకే తగ్గిందని మా పెద్దనాన్న ఇప్పటికీ వాదిస్తాడు. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గేది ఎలాగూ తగ్గుతుంది. తాళాలు వెతికేసరికి ఆ టైము అయిపోతుంది.

తలస్నానం చేసేటప్పుడే వస్తుంటే ఆ సంగతి డాక్టర్‌కి విడిగా చెప్పండి. బాగా వేడి నీళ్లు తల మీద గుమ్మరించుకునే అలవాటున్న దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, వేడినీళ్లతో వచ్చే ఫిట్స్ ఎక్కువగా చూస్తారు. అప్పటిదాకా తలకు గోరువెచ్చని నీళ్లు, మగ్గుతో కొంచెం కొంచెంగా, తలుపు దగ్గర ఒక మనిషి.